కాప్తిన్ తన పేరు చెప్పుకున్న రోజు

మొన్న ఒక ఒమానీ యువకుడు పెళ్ళికి దిష్‌దాషా, అంటే మడమల దాకా ఉండే అంగీ, కుట్టించుకోవడానికి ఒమాన్‌లో ఇబ్రి అనే ఊళ్ళోని మా టైలర్ షాపుకొచ్చాడు. కొలతలిచ్చి, తెల్లబట్ట రెండుసార్లు వెలుతురులో పెట్టి చూసుకుని, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు. "కాప్తిన్ కూర్చునేది ఏ స్టూలు మీద?" అని అడిగాడు. నేను మూలనున్న స్టూలు చూపించాను. దాని మీద అస్తరు గుడ్డల మూట, మూట మీద నా టిఫిన్ డబ్బా ఉన్నాయి. ఆ పెళ్ళికొడుకు రెంటినీ జాగ్రత్తగా దించి పక్కన పెట్టి, వట్టి స్టూలుకు ఫొటో తీసుకున్నాడు. తీసి, అక్కడే నిలబడి వాళ్ళ నాన్నకు పంపాడు. కొలతలిచ్చేటప్పుడు లేని పెళ్ళికళ ఆ స్టూలును చూశాక వచ్చింది అతని ముఖంలోకి. కాప్తిన్ ఆట మానేసేనాటికి ఇతను పుట్టి కూడా ఉండడు. ఆయన ఇబ్రి వదిలి తన దేశం మొరాకోకు వెళ్ళిపోయి కూడా కొంతకాలమయింది. అయినా మా షాపులో నాకంటే నా స్టూలుకే గిరాకీ ఎక్కువగా ఉంది.

కాప్తిన్ అంటే మొరాకో దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన డిఫెండర్. గోల్ కొట్టేవాడు కాదు, ఎదుటివాళ్ళు కొట్టకుండా అడ్డుపడేవాడు. ఆట మానేసి చాలా ఏళ్ళయ్యాక, ఇబ్రిలో ఒక క్లబ్బులో కుర్రాళ్ళకు ఆట నేర్పడానికి వచ్చాడు. నేను మనుషుల్ని ముఖం చూసి గుర్తుపెట్టుకోను. భుజాలు, నడుము, కాళ్ళు చూసి గుర్తుపెట్టుకుంటాను. అది మా వృత్తి తెచ్చిపెట్టిన అవలక్షణం. ఊళ్ళో మా మేనమామ పేరు మరిచిపోయి ఆయన మెడ కొలత చెప్పి ఇంట్లో తిట్లు తిన్నవాణ్ణి. ఈయన ప్యాంటు వదులు చేయించుకోవడానికి వచ్చినప్పుడు కుడి తొడ ఎడమ తొడకంటే బాగా లావుగా ఉండడం చూసి, ఒంటికాలి మీద తపస్సు చేసేవాడేమో అనుకున్నాను. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. నేను టేపు తీసేలోపు షాపు ముందు పదిమంది పోగయ్యారు. పక్కనున్న బక్కాలా, అంటే కిరాణా కొట్టు ఓనరు, ఎదురు మందుల షాపు ఈజిప్టు మనిషి, దారిన పోయే ముసలి ఒమానీలు, అందరూ "యా కాప్తిన్! యా కాప్తిన్!" అంటూ లోపలికి తోసుకొచ్చారు. ఆయన మాత్రం ఒక కాలు పైకి మడిచిన ప్యాంటుతో, ఎవరి చెయ్యీ వదలకుండా, ఒక్కొక్కరి పేరూ అడిగి తెలుసుకుంటున్నాడు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. అరబ్బులు ఫుట్‌బాల్ ఆడినవాణ్ణీ, నేర్పేవాణ్ణీ, ఎప్పుడో మానేసినవాణ్ణీ కూడా కాప్తిన్ అనే పిలుస్తారు. మన దగ్గర బడి మాస్టారు పింఛను తీసుకుంటున్నా మాస్టారే అయినట్టు. ఈ సంగతి నాకు తెలిసింది గానీ మా బావకు తెలియలేదు. మా బావ, అంటే మా అక్క మొగుడు, తాపీ మేస్త్రీ. మా ఇద్దరివీ జగిత్యాల పక్క పల్లెలే. ఆ రోజుల్లో మా షాపు వెనకాలే ఏదో బిల్డింగుకు ప్లాస్టరింగు చేస్తూ, చాయ్ వేళకు చేతులకు సిమెంటుతోనే నా దగ్గరికి వచ్చేవాడు. వచ్చి చూస్తే అందరూ ఈయన్ని కాప్టెన్ అంటున్నట్టు వినిపించింది. ఆయన జెర్సీ మీద క్లబ్బు గుర్తు రెక్కలు విప్పిన డేగ. ఇంకేం, విమానం నడిపే కాప్టెనని మా బావ తేల్చేశాడు. దగ్గరికెళ్ళి సలాం కొట్టి, "సాబ్, సామాన్ కా వజన్ థోడా బఢా దో నా" అని వేడుకున్నాడు. ఊరికి పోయేటప్పుడు మోసుకెళ్ళే మూటల బరువు గురించి గల్ఫులో ఉన్న ప్రతి తెలుగువాడికీ ఉండే దుఃఖమే అది. కాప్తిన్‌కు హిందీలో వచ్చిన మాట ఒక్కటే. "అచ్ఛా, అచ్ఛా" అని నవ్వుతూ తల ఊపాడు. బావ ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి, "ఇగ మనకు కిలోల బాధ లేదే. ఇమానం కాప్టెనే మనకు సోపతి" అని చెప్పేశాడు.

"విమానం కాదు బావా, బంతి" అని నేను మర్నాడు చెప్తే తల పట్టుకున్నాడు. "ముందుగాల చెప్పొద్దా బామ్మర్దీ? మీ అక్క ఊరంత చాటింపేసింది. ఇప్పుడు కాదంటే నేనే అబద్ధపోణ్ణయిత" అన్నాడు. అలా మా ఊళ్ళో కాప్తిన్ విమానాలు నడుపుతూనే ఉండిపోయాడు.

ఆయనకు అంత పేరెందుకొచ్చిందో నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. చెప్పేవాళ్ళు లేక కాదు, ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పడం వల్ల. పెద్ద మ్యాచి. ఎదుటివాడు గోల్‌కీపర్ని కూడా దాటేసి బంతిని ఖాళీ గోల్‌లోకి తన్నాడు. ఎక్కడి నుంచి వచ్చాడో ఈయన వెనకనుంచి వచ్చి, తలతో గీత మీద బంతిని ఆపాడు. బంతితో పాటు ఎదుటివాడి బూటు కూడా నుదుటికి తగిలి కనుబొమ చీలింది. కట్టు కట్టించుకుని మిగతా ఆటంతా ఆడాడు. ఇది అసలు సంగతి. మందుల షాపు ఈజిప్టు మనిషి చెప్పేటప్పుడు ఆ కట్టు ఒక చుట్టే ఉండేది. బడిలో పనిచేసే సూడాన్ పంతులు చెప్తే తలపాగా అంత అయ్యేది. చాయ్ హోటల్ మలయాళీ ఆ మ్యాచి నాటికి పుట్టనేలేదు, కానీ పుర్రె పగిలి లోపలిదంతా కనబడిందని ఒట్టేసి చెప్పేవాడు. గోరంతను కొండంత చేయడంలో ఎవరికెవరూ తీసిపోలేదు. కాప్తిన్ మా షాపులో ఆ మూల స్టూలు మీద కూర్చుని అన్నీ వినేవాడు, ఎవర్నీ సవరించేవాడు కాదు. తన నోటితో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. గోల్ కొట్టినవాణ్ణి కదా లోకం నెత్తిన పెట్టుకునేది, ఆపినవాణ్ణి ఇంతకాలం ఎందుకు మోస్తున్నారో నాకు అంతుపట్టేది కాదు. బావకు మాత్రం ఇట్టే పట్టింది. "మనం గోడ కడ్తం. ఈయననే గోడ" అన్నాడు. అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రాలు మైదానం అంచున చెప్పులు విడిచి కూర్చుని, ఆయన కుర్రాళ్ళకు అడ్డుపడటం నేర్పుతుంటే చూసి వచ్చేవాడు.

అలాంటి రోజుల్లో మా అక్కకు గుండె ఆపరేషన్ అన్నారు. కవాటం పాడయింది, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పన్నారు. హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చి రోజు కూడా ఖాయం చేశారు. అక్క అన్నింటికీ ఒప్పుకుని ఒక్కదానికి మొండికేసింది. "ఆయన మొఖం సూడంది నేను లోపటికి పోను" అంది. డాక్టర్లు చెప్పారు, పిల్లలు ఏడ్చారు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అది వట్టి మొండితనం కాదని మాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మ ఆపరేషన్ గదిలోకి పోయేటప్పుడు మా నాన్న దుబాయిలో ఉన్నాడు. అమ్మ గుమ్మం దగ్గర స్ట్రెచర్ ఆపించి, నాన్న ఎక్కడా అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసింది. మళ్ళీ బయటికి రాలేదు. ఆ చూపు మా అక్క చూసింది, నేనూ చూశాను. అందుకే అక్కను నేనొక్కమాట అనలేదు.

బావకు కంపెనీ సెలవిచ్చింది, టికెట్ వచ్చింది. ఆపరేషన్ ఉదయం పూట. విమానం దానికి ముందురోజు మధ్యాహ్నం. ఆ రోజు తెల్లారేసరికి వానలు. మస్కట్ తీసుకెళ్తానన్న పికప్ డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. బావ పెట్టె పట్టుకుని మా షాపు ముందు నిలబడి నేల చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కాప్తిన్ ప్యాంటు తీసుకోవడానికి వచ్చాడు. నేను వచ్చీరాని అరబ్బీలో సంగతి చెప్పాను. ఆయన ప్యాంటు సంగతే మరిచిపోయి బావ పెట్టె అందుకుని కారులో పెట్టాడు. దారిలో మాట సాయానికి నన్నూ ఎక్కమన్నాడు. షాపు మూసేసి ఎక్కాను.

పేరున్నవాడితో ప్రయాణం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పెట్రోలు పోయించుకోవడానికి ఆగితే పంపు దగ్గర మనుషులు కమ్ముకున్నారు. ఒక ముసలాయన చేతికర్ర కిందపడేసి ఆయన నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ఒకతను కారు దిగి, తడి నేల మీద పడుకుని మరీ ఆయన ఆ రోజు బంతి ఎలా ఆపాడో చూపించాడు. సెల్ఫీల మీద సెల్ఫీలు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు, వాళ్ళు నవ్వుతూ నిలబడుతుంటే మా బావ వెనక సీట్లో ఫోనులో టైము చూసుకుంటూ పెదవులు కొరుక్కుంటున్నాడు. కాప్తిన్ ఎవరినీ కాదనలేడు. కాదనలేకనే గబగబా నాలుగు చేతులు కలిపి, క్షమించండి, ఈ సోదరుణ్ణి విమానం ఎక్కించాలి అని చెప్పి బయటపడ్డాడు.

దారిలో నిజ్వా ఊరు ఇంకా రాకముందే వాదీ పొంగింది. వాదీ అంటే ఎండిన వాగు. ఏడాదంతా మేకలు తిరిగే రాళ్ళదారి, వాన పడిందంటే గంటలో నదైపోతుంది. రోడ్డుకు అడ్డంగా బురదనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. బండ్లు బారుగా ఆగాయి. ముందున్న పెద్ద ట్యాంకరు డ్రైవరు కాప్తిన్‌ను చూసి ఎగిరి గంతేశాడు. "కాప్తిన్, నా టైర్లు చూశావా? నేను దిగుతాను, నా వెనకే వచ్చెయ్" అన్నాడు. బారులో ఉన్నవాళ్ళంతా బండ్లు పక్కకు తీసి మాకు దారిచ్చారు. ఆయనకు అడ్డేముంటుంది అన్నట్టు చప్పట్లు కూడా కొట్టారు. బావ ముఖం వెలిగింది. కాప్తిన్ కారు ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"సాబ్, చలో సాబ్! మేరీ బీవీ..." అని బావ ముందు సీటు పట్టుకుని బతిమాలాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంతసేపూ ఫొటోలు దిగి ఇప్పుడు భయపడుతున్నాడా అనుకున్నాను. ఆయన బావ వైపు కాకుండా వెనక బారు వైపు చూస్తూ నాతో అన్నాడు. "నేను దిగితే వీళ్ళంతా దిగుతారు. కాప్తిన్ దిగాడు కదా అంటారు. ఆ బండ్లల్లో పిల్లలున్నారు. అతనికి చెప్పు."

నేను చెప్పాను. ట్యాంకరు డ్రైవరు కూడా కాసేపు గునిసి ఇంజను ఆపేశాడు. మేము చూస్తుండగానే ఒక ఖర్జూరపు చెట్టు మొదలుతో సహా దొర్లుకుంటూ వచ్చి, మేము దాటాలనుకున్న చోటునే దాటి పోయింది. అప్పుడు నా కోపం చల్లారింది గానీ బావ దుఃఖం చల్లారలేదు. మధ్యాహ్నమంతా అక్కడే, కారు దిగి ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని గడిపాం. విమానం వెళ్ళిపోయే వేళ దగ్గర పడ్డాక, ఇక దాచి లాభం లేదని అక్కకు వీడియో కాల్ చేశాడు. ఫోనులో అక్క ముఖం కనబడగానే ఏడ్చేశాడు. నేనే వాగు సంగతి చెప్పాను. అక్క అంతా విని, బావ పక్కన కూర్చున్న మనిషిని చూసింది.

"ఈయననేనా కాప్టెన్ సారు?"

అవునన్నాను.

"మరి ఏడుస్తడెందుకురా మీ బావ? నడిపెటాయన పక్కనే కూసున్నడు. ఈయన పోకుంటె ఇమానం ఎట్ల లేస్తది?" అంది ఎంతో నిశ్చింతగా. తరువాత ఫోనులోంచే కాప్తిన్‌కు దండం పెట్టింది. "సారూ, ఈయనను జర భద్రంగ తోల్కరాండ్రి. ఈయనను సూసినంకనే నేను లోపటికి పోత."

ఏం చెప్పిందని కాప్తిన్ అడిగాడు. నేను కల్పించలేకపోయాను. డేగ గుర్తు దగ్గర నుంచి మా అమ్మ చూపు దాకా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఫోనుకేసి వంగి, "ఇన్షాల్లా, చెల్లీ" అన్నాడు అరబ్బీలో. ఇన్షాల్లా అంటే దేవుడు తలిస్తే అని, కానీ గల్ఫులో సగంసార్లు ఆ పని కాదనే అర్థం. జీతం పెంచమంటే ముదీర్, అంటే మేనేజరు, అనే మాట అదే. ఆ రోజు ఆయన అన్నప్పుడు మాత్రం నాకు అలా వినిపించలేదు.

నీళ్ళు తగ్గి మేము మస్కట్ ఎయిర్‌పోర్టు చేరేసరికి సాయంత్రమైంది. విమానం ఎప్పుడో పోయింది. ఇంకో విమానం ఆ రాత్రికే హైదరాబాద్‌కు ఉంది గానీ నిండిపోయింది. కౌంటర్లో ఉన్న కుర్రాడు కంప్యూటర్ చూసి, సీటు లేదు, రేపు రాత్రికి చూడండి అన్నాడు. రేపు రాత్రికి ఆపరేషన్ వేళ ఎప్పుడో దాటిపోతుంది. మళ్ళీ ఎప్పుడు చేస్తారో, అప్పటిదాకా ఆ గుండె ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? బావ పెట్టె మీద కూలబడ్డాడు.

కాప్తిన్ కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి బావను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తరువాత, "నేను ఫలానా" అని తన పూర్తి పేరు చెప్పాడు. మొరాకో దేశానికి ఆడినవాణ్ణని కూడా చెప్పాడు. ఆయన తన పేరు తాను చెప్పుకోగా నేను విన్నది అదే మొదలు. ఎక్కడికెళ్ళినా జనమే ఆయన పేరు ఆయనకు చెప్పేవాళ్ళు, చెప్పుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అంత పొడుగు మనిషీ భుజాలు కిందికి జారి, కొత్తగా పనడగడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. కౌంటర్ కుర్రాడు మర్యాదగా తలెత్తి, "మీరు కూడా ప్రయాణిస్తున్నారా సార్? పాస్‌పోర్ట్ ఇస్తారా?" అన్నాడు. పాపం, అతనికి నిజంగానే తెలియదు. కాప్తిన్ చెవులు ఎర్రబడటం నేను చూశాను. దేశదేశాల మనుషులు ముద్దాడిన ఆ నుదురు మా బావ కోసం ఒక కౌంటర్ ముందు వంగింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, వచ్చింది.

మా వెనక లైన్లో ఒక ముసలాయన ఉన్నాడు. హైదరాబాద్ బార్కస్ మనిషి. మస్కట్‌లోనే బౌషర్ వైపు ఏదో ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసి, మనవరాలి పుట్టినరోజుకు ఇంటికి పోతున్నాడు. ఆ పేరు చెవిన పడగానే సామాను బండి వదిలేసి ముందుకొచ్చాడు. కాప్తిన్ ముఖంలోకి, కనుబొమ మీది గీతలోకి చూసి, నా చెయ్యి పట్టుకుని, "అరే మియాఁ, ఇనో వహీచ్ హై క్యా?" అన్నాడు. అవును, ఆయనే అన్నాను. బార్కస్‌లో ఇంటికొక ఫుట్‌బాల్ పిచ్చివాడు ఉంటాడట. వయసులో ఉన్నప్పుడు, టీవీ ఉన్న ఇంటి కిటికీ ఊచలు పట్టుకుని ఆ మ్యాచి చూశాడట. ఇంతటి మనిషి ఇక్కడెందుకు బతిమాలుతున్నాడని అడిగాడు. నేను చెప్పాను. అక్క చెప్పినదంతా చెప్పాను.

ఆయన నేరుగా కౌంటర్ కుర్రాడి దగ్గరికెళ్ళి, తనను రేపటి విమానానికి మార్చి ఆ సీటు ఇతనికి ఇమ్మన్నాడు. కుర్రాడు ఎవరితోనో ఫోనులో మాట్లాడి, సరేనన్నాడు. బావ ఆ పెద్దాయన కాళ్ళ మీద పడబోతే లేపి, ఈసారి తెలుగులోనే అన్నాడు. "నువ్వు పో భాయ్. నా మనవరాలు రేపు గూడ నా మనవరాలే."

బావ లోపలికి వెళ్ళేదాకా మేము నిలబడి చూశాం. కాప్తిన్ ఆ పెద్దాయనను ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దు, ఒక్క చాయ్ తాగుదాం అన్నాడాయన. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. పెద్దాయన ఆ మ్యాచి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. బంతి వచ్చిన వైపు తప్పు, చొక్కా రంగు తప్పు, కట్టు మాత్రం సూడాన్ పంతులు చెప్పినదానికంటే పెద్దది. మధ్యలో ఆగినప్పుడల్లా కాప్తిన్ ముందుకు వంగి, "తరువాత?" అని అడిగాడు. తన జీవితంలో జరిగినదాన్ని, ఎవరికో జరిగినట్టు, మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. అంత బాగా వినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తెల్లవారాక బావ ఆసుపత్రికి చేరాడు. స్ట్రెచర్ అప్పటికే గుమ్మం దగ్గర ఉందట. మా అక్క దాన్ని ఆపించి అటూ ఇటూ చూస్తోందట. ఎదురుగా మాసిన గడ్డంతో, బురద ప్యాంటుతో మొగుడు. పైనుంచి కిందిదాకా చూసి, "ఒళ్ళు గుంజుకపోయినవు. తింటలేవా?" అని అడిగి, నర్సుతో "ఇగ పోదాం పా బిడ్డా" అందట. బయటికొచ్చింది. ఇప్పుడు మా బావను ముందుకంటే గట్టిగా తిడుతోంది. ఎప్పుడో, మా ఇంట్లో ఎవరమూ చూడని మైదానంలో, ఒక మనిషి కళ్ళు మూసి తెరిచేలోగా ఒక బంతికి తల అడ్డుపెట్టాడు. ఆట చూసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, ఆడినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. ఆ రెప్పపాటు కాలం మాత్రం ఎక్కడా ఆగకుండా, ఇన్నేళ్ళూ నడిచి నడిచి, మా అక్క ఆయుష్షులో కలిసింది.